గంపగుత్త

తెలుగులో గంపగుత్త అనే మాట ఒకటుంది. సంత ముగిసే వేళకు కూరలమ్మే మనిషి గంపలో మిగిలినవన్నీ కలిపి ఒకే ధర చెబుతుంది. ఏరుకోవడం ఉండదు, తూచడం ఉండదు. నవనవలాడే వంకాయలతో పాటు వాడిన బెండకాయలూ పుచ్చుకాయలూ మన సంచిలో పడతాయి. బేరం చౌకగానే ఉంటుంది. ఇంటికి వెళ్లి సంచి బోర్లించిన తర్వాత గాని అందులో ఎంత కూరకు పనికివస్తుందో, ఎంత పెంటకుప్పకు పోతుందో తెలియదు. ఆ గుత్తనుంచే గుత్తేదారు వచ్చాడు, గుత్తాధిపత్యమూ వచ్చింది. మూటగట్టి అమ్మడానికీ, పోటీ లేకుండా ఏలడానికీ మన భాష ఒకే వేరునుంచి మాటలు తీసుకున్నది. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికాన్ని ఆర్థికవేత్తల కంటే ముందే సంతలో మసలిన మనుషులు గుర్తించారేమో.

ఇప్పుడు ఆ గంప మన చేతిలోని ఫోన్‌లోకి వచ్చింది. యాపిల్ సంస్థ 2020 సెప్టెంబర్ 15న యాపిల్ వన్ అనే పథకాన్ని ప్రకటించి అక్టోబర్ 30 నుంచి అమలులో పెట్టింది. సంగీతం, సినిమాలూ సీరియళ్లూ చూపే టీవీ ప్లస్, ఆర్కేడ్ పేరుతో ఆటలు, మన ఫొటోలూ పత్రాలూ దాచే ఐక్లౌడ్ నిల్వ: ఈ నాలుగింటికీ కలిపి ఒకే నెలచందా. భారతదేశంలో ఆనాడు ప్రకటించిన ధర ఒక మనిషికి రూ.195, కుటుంబానికి రూ.365. ఆనాటి ధరల్లో విడివిడిగా తీసుకుంటే మొదటి మూడింటికీ తలా రూ.99, 50 జీబీ నిల్వకు రూ.75, వెరసి రూ.372. కలిపి తీసుకుంటే నెలకు రూ.177 మిగిలేవి. ఏ గృహస్థుకైనా నచ్చే లెక్క ఇది.

ఈ లెక్కను కాస్త తిరగవేసి చూడాలి. పాటలూ నిల్వా మాత్రమే కావలసిన మనిషికి విడిగా అయ్యేది రూ.174. అతనికి ఈ పథకం పొదుపు కాదు, రూ.21 అదనపు ఖర్చు. పాటలూ సినిమాలూ కావలసిన మనిషికి విడిగా రూ.198. అతనికి పథకంలో మిగిలేది మూడు రూపాయలు. అంటే ఏవైనా రెండు సేవలకు అయ్యే ఖర్చుకు అటూ ఇటూగా ఈ ధర నిలిచింది. రెండు కావలసినవాడి ముందు మిగతా రెండూ కొసరుగా పరచి ఉంటాయి. అసలు కంటే కొసరు ముద్దని పెద్దలు ఊరకే అనలేదు. రూ.177 మిగులు అన్నది నాలుగూ కావాలనుకునేవారి విషయంలోనే నిజం. ఆ నాలుగూ మనకు కావాలని మనం ఎప్పుడు నిర్ణయించుకున్నాం? చాలామంది ఆ ప్రశ్న వేసుకోకుండానే మీట నొక్కుతారు.

వ్యాపారి ఇలా ఎందుకు మూటగడతాడు? అమెరికాలో ఒకప్పుడు సినిమా నిర్మాణ సంస్థలు మంచి చిత్రం కావాలంటే నాసిరకం చిత్రాలు కూడా తీసుకోవాలని థియేటర్లకు షరతు పెట్టేవి. 1948లో పారమౌంట్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టింది. టెలివిజన్ కేంద్రాలకు పాత సినిమాలు అమ్మడంలో అదే షరతు మళ్లీ తలెత్తితే 1962లో మరో తీర్పు వచ్చింది. ఆ తీర్పుపై ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1963లో రాసిన చిన్న వ్యాఖ్య మూట వెనుక ఉన్న లెక్కను విప్పి చూపింది.

ఆ లెక్కను మన రూపాయల్లో చెప్పుకోవచ్చు. ఒకరు పాటలకు నెలకు రూ.150, సినిమాలకు రూ.50 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మరొకరు సినిమాలకు రూ.150, పాటలకు రూ.50 ఇస్తారు. ఒక్కొక్క సేవకూ రూ.150 ధర పెడితే ఒక్కొక్కదానికి ఒక్కరే కొంటారు, రాబడి రూ.300. రూ.50 ధర పెడితే ఇద్దరూ రెండూ కొంటారు, రాబడి రూ.200. రెండూ కలిపి రూ.200 అంటే ఇద్దరూ కొంటారు, రాబడి రూ.400. ఎవరిపైనా బలవంతం లేదు, ఎవరికీ దగా జరగలేదు. అయినా ఇద్దరి జేబుల్లో ఉన్న చివరి రూపాయి వరకు వ్యాపారికి చేరింది. కూరగాయల గంపకు పరిమితి ఉంది. మిగిలినవి అయిపోతే గంప ఖాళీ. ఒక పాటను మరొకరికి వినిపించడానికి సంస్థకు అయ్యే అదనపు ఖర్చు దాదాపు శూన్యం కనుక ఈ గంప ఎన్నటికీ ఖాళీ కాదు.

ఈ వ్యాపారం ఎంత పెద్దదో యాపిల్ లెక్కలే చెబుతాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థ మొత్తం రాబడి దాదాపు 39,100 కోట్ల డాలర్లు. అందులో సేవల వాటా 9,600 కోట్ల డాలర్ల పైచిలుకు, అంటే సుమారు నాలుగో వంతు. వస్తువులు అమ్మితే వంద డాలర్లలో స్థూలంగా మిగిలేది 37 డాలర్లు. సేవలు అమ్మితే 74. ఫోన్ ఒకసారి కొంటారు, చందా నెలనెలా కడతారు. అమెరికాలో 14.95 డాలర్లతో మొదలైన వ్యక్తిగత పథకం 2022 అక్టోబర్‌లో 16.95కు, 2023 అక్టోబర్‌లో 19.95కు పెరిగింది. మూడేళ్లలో మూడో వంతు పెరిగినా ఒక్క సేవ ధర పెరిగినప్పుడు వచ్చేంత గగ్గోలు రాలేదు. మూటలో ఏది ఎంత పెరిగిందో చెప్పడం కష్టం. తూకం లేనిచోట తరుగు ఎవరికి కనిపిస్తుంది?

ఢిల్లీలో రాజకీయ వార్తలు రాసే నాకు ఈ బేరం మొదట పరిచయమైనది అంగట్లో కాదు, పార్లమెంటులో. మంత్రిత్వ శాఖల పద్దులపై చర్చకు కేటాయించిన సమయం ముగిసేసరికి చర్చకు రాని పద్దులన్నింటినీ కలిపి ఒక్కసారే ఓటుకు పెడతారు. దాన్ని గిలటిన్ అంటారు. 2018 మార్చి 14న లోక్‌సభలో జరిగింది అదే. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం మన సభ్యులు నినాదాలు చేస్తున్నారు, ఇతర పక్షాలు తమ తమ సమస్యలపై గొంతెత్తుతున్నాయి. ఆ గందరగోళంలోనే దేశపు పద్దులన్నీ చర్చ లేకుండా ఆమోదం పొందాయి. ఏ పద్దుకు ఎవరు ఎందుకు ఔనన్నారో చరిత్రకు అందలేదు.

అంతకు ముందు ఏడాది, 2017 ఆర్థిక బిల్లులో పన్నుల ప్రతిపాదనల పక్కనే ట్రిబ్యునళ్ల విలీనమూ, ఎన్నికల బాండ్లకు దారి వేసిన సవరణలూ చేరాయి. బడ్జెట్ కావాలనేవారు బాండ్లనూ కావాలనవలసిందే. ఆ బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 ఫిబ్రవరి 15 వచ్చింది. అంటే మూటలోనుంచి ఒక్క వస్తువును బయటకు తీయడానికి ఈ దేశానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. శాసనం వేరు, చందా వేరు అనవచ్చు. కానీ రెండింటిలోనూ కదిలే సూత్రం ఒక్కటే: ఒకదానికి ఔనన్న మాటను మరొకదానికి ఔనన్నట్లుగా వాడుకోవడం.

మూట కట్టడమే పాపమని నేను అనడం లేదు. అలా అంటే నా వృత్తినే కాదనుకోవాలి. వార్తాపత్రిక ఒక మూట కాక మరేమిటి? సినిమా పేజీ కోసం కొన్నవారూ, క్రికెట్ స్కోరు కోసం కొన్నవారూ, పెళ్లి సంబంధాల ప్రకటనల కోసం కొన్నవారూ కలిసి కట్టిన డబ్బుతోనే పార్లమెంటు వార్త రాసే విలేకరి ఢిల్లీలో బతికాడు. స్థాయీ సంఘం నివేదిక చదవడానికి విడిగా డబ్బు కట్టే పాఠకులు ఎంతమంది ఉంటారు? కలిసి ఉండడం వల్లనే నిలబడిన మంచి పనులు లోకంలో చాలా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ కూడా మూటే. నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ చానెళ్లు, టెలిఫోన్ అన్నారు. ఒక్క ఇంటర్నెట్ కోసమే అయితే పల్లెల్లో ఎన్ని ఇళ్లు ఆ తీగను లోపలికి రానిచ్చేవో చెప్పలేం.

అయితే పత్రిక అనే మూటకు ఒక గుణం ఉంది. నచ్చకపోతే రేపటినుంచి వేయవద్దని పేపరు కుర్రవాడితో ఒక్క మాట అంటే చాలు. ఆ మూటకు ఒక సంపాదకుడు ఉన్నాడు, అతనికి ఒక పేరూ చిరునామా ఉన్నాయి, తిట్టడానికి ఉత్తరం రాయవచ్చు. ఇంటర్నెట్ వచ్చి ఆ మూటను విప్పింది. స్కోరు ఒకచోట, సినిమా కబుర్లు ఒకచోట, ప్రకటనలు మరొకచోట ఉచితంగా దొరకడంతో పార్లమెంటు వార్త ఒంటరిదైపోయింది. ఆ ఒంటరి వార్త ఇప్పుడు మరొకరి గంపలోకి చేరుతున్నది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో యాపిల్ వన్ ఖరీదైన పథకంలో వందలాది పత్రికలను కలిపిన న్యూస్ ప్లస్ కూడా ఒక అంశం. అక్కడ వార్త, ఆటకూ వ్యాయామ పాఠానికీ పక్కన ఒక అరలో కూర్చున్నది. న్యూయార్క్ టైమ్స్ 2020 జూన్‌లో యాపిల్ న్యూస్ నుంచి తప్పుకుని తన మూటను తానే కట్టుకున్నది. వర్డిల్ అనే పదాల ఆటను కొన్నది, క్రీడావార్తల సంస్థ ది అథ్లెటిక్‌ను 55 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ స్తోమత ప్రపంచంలో ఎన్ని పత్రికలకు ఉంది? తెలుగులో ఎన్నింటికి ఉంది?

మన దేశానికి మూటతో పోరాడిన అనుభవం లేకపోలేదు. కేబుల్ టీవీ చానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు ప్రేక్షకుడికి ఉండాలని ట్రాయ్ 2017లో ఉత్తర్వులు ఇచ్చింది. ప్రసార సంస్థలు కోర్టుకు వెళ్లాయి. 2018 అక్టోబర్ 30న సుప్రీంకోర్టు ట్రాయ్ అధికారాన్ని సమర్థించింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విధానం పూర్తిగా అమలులోకి వచ్చింది. ప్రతి చానెల్‌కూ విడి ధర ప్రకటించాలి, ఉచిత చానెల్‌నూ చెల్లింపు చానెల్‌నూ ఒకే మూటలో కలపరాదు, రూ.19కి మించిన చానెల్‌ను మూటలో పెట్టరాదు. కాగితంపై చూస్తే ప్రేక్షకుడు రాజయ్యాడు.

ఆ రోజుల్లో ఢిల్లీలో మా కాలనీకి వచ్చే కేబుల్ కుర్రవాడు చానెళ్ల పేర్లు అచ్చువేసిన పెద్ద కాగితం తెచ్చాడు. నేను కలం పట్టుకుని తెలుగు చానెళ్లూ, వార్తా చానెళ్లూ, పాత హిందీ పాటల చానెల్ ఒకటీ, మొత్తం పద్నాలుగు ఏరుకున్నాను. అతను ఓపికగా కూడి చూపాడు. నేను ఏరుకున్న పద్నాలుగు చానెళ్ల కంటే ఎవరో కట్టిపెట్టిన యాభై చానెళ్ల ప్యాకే చౌక. ‘అందరూ ఇదే తీసుకుంటున్నారు సార్’ అన్నాడు. నేనూ అదే తీసుకున్నాను. రాజ్యాంగం ఇచ్చిన హక్కులు కూడా ఒక్కోసారి ఇలాగే ఉంటాయి. ఉన్నాయని అందరికీ తెలుసు, వాడుకోవాలంటే ఖర్చు ఎక్కువ.

ఈ ఓటమి యాదృచ్ఛికం కాదు. మూట ధర విడి ధరల మొత్తం కంటే 15 శాతానికి మించి తగ్గకూడదన్న షరతును మద్రాసు హైకోర్టు 2018లోనే కొట్టివేసింది. ఆ కట్ట తెగడంతో ప్రసార సంస్థలు 70 శాతం వరకు తగ్గింపు ఇచ్చి మూటలు అమ్ముతున్నాయని మరుసటి ఏడాది ట్రాయ్ స్వయంగా పేర్కొన్నది. విడి ధరను ఆకాశంలో పెట్టి, మూట ధరను నేలమీద పెడితే ఎంచుకునే హక్కు అలంకారప్రాయమే. తర్వాత నిబంధనలు మారుతూ వచ్చి 2022 నవంబర్‌లో తగ్గింపు పరిమితి 45 శాతం దగ్గర స్థిరపడింది. విడి ధర ప్రకటిస్తే చాలదని, విడి ధరకూ మూట ధరకూ మధ్య న్యాయమైన నిష్పత్తి ఉండాలని మనం నేర్చుకున్న పాఠం ఇది. కానీ ఆ పాఠం కేబుల్ తీగ దగ్గరే ఆగిపోయింది. అదే సీరియల్, అదే క్రికెట్ మ్యాచ్ ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌లోకి వస్తే ఆ టారిఫ్ నిబంధనలు వర్తించవు.

కేబుల్ మూటకూ ఫోన్ మూటకూ మరొక తేడా ఉంది. నాకు అదే అన్నింటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తున్నది. యాపిల్ వన్‌లోని నాలుగు సరుకులూ ఒక జాతివి కావు. పాట ఆగిపోతే మరోచోట వినవచ్చు. సీరియల్ ఆగిపోతే పెద్ద నష్టం లేదు. ఆట ఆగిపోతే పిల్లలు రెండు రోజులు అలుగుతారు. ఈ మూడూ సంస్థ మనకు ఇచ్చే సరుకులు. నాలుగోది అలాంటిది కాదు. నిల్వలో ఉన్నది సంస్థ సరుకు కాదు, మన సరుకు. బిడ్డ మొదటి అడుగు, నాన్న చివరి పుట్టినరోజు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం అందులో ఉన్నాయి. గంపలో తన కూరగాయల మధ్య మన ఇంటి తాళపుచెవి పెట్టుకుని బేరమాడే వ్యాపారిని ఊహించుకోండి. యాపిల్ 2011లో ఐక్లౌడ్ ప్రారంభించినప్పుడు ఉచితంగా ఇచ్చిన నిల్వ 5 జీబీ. ఫోన్ కెమెరా అప్పటినుంచి ఎన్నో రెట్లు పెరిగింది, ఫొటోల పరిమాణం పెరిగింది, ఆ 5 జీబీ మాత్రం పెరగలేదు. నిల్వ నిండిందన్న హెచ్చరిక ఎప్పటికైనా వచ్చితీరుతుంది. ఆ హెచ్చరికే మూట అమ్మే అంగడికి గుమ్మం.

నాకంటే పదిహేనేళ్లు పెద్దవారైన ఒక పాత్రికేయ మిత్రుడు కొంతకాలం క్రితం కాలం చేశారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఢిల్లీలో నాలుగు దశాబ్దాలు పనిచేసిన మనిషి. కుటుంబమంతటికీ కలిపి ఆయన ఇలాంటి పథకమే ఒకటి తన పేరున తీసుకున్నారు. ఏ సంస్థదో చెప్పను. ఈ వ్యాపారంలో ఉన్నవారి పద్ధతులు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. ఆయన పోయిన తర్వాత కూడా ప్రతినెలా ఆయన ఫోన్‌కు బ్యాంకు సందేశం వచ్చేది, రేపు మీ ఖాతానుంచి ఇంత మొత్తం చెల్లింపు జరుగుతుందని. మరణించిన మనిషికి నెలకొకసారి వచ్చే ఆ ముందస్తు సమాచారాన్ని వదినగారు కళ్లద్దాలు పెట్టుకుని చదివేవారు. ఒకరోజు నన్ను పిలిపించి అడిగారు: ‘ఏమయ్యా, ఆయన ఫొటోలు ఉంచుకోవడానికి నేను సినిమాలకూ ఆటలకూ కూడా డబ్బు కట్టాలా? ఈ ఇంట్లో ఇప్పుడు సినిమాలు చూసేది ఎవరు?’

విడిగా నిల్వ మాత్రమే ఉంచుకునే వీలు ఉంది. కానీ దానికి ఆయన ఖాతా తాళం కావాలి, ఆ తాళం మాట ఆయనతోనే పోయింది. ఫోన్ తెరిచే అంకెలు మాత్రం హైదరాబాదులో ఉన్న కూతురికి తెలుసు. ఆ అమ్మాయి వచ్చి కూర్చుని పథకం రద్దు చేయబోతే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వచ్చాయి. పాటలు పోతాయి, సమ్మతమేనా? ఆటలు పోతాయి, సమ్మతమేనా? కుటుంబంలో మిగతావారికి కూడా ఆగిపోతాయి, సమ్మతమేనా? మనవడి ఆటలు కూడా తాతగారి పేరుమీదే ఉన్నాయని అప్పుడు గాని తెలియలేదు. చివరికి మూడు సాయంత్రాలు కూర్చుని ఫొటోలనూ, ఆయన రికార్డు చేసిన ఇంటర్వ్యూలనూ ఒక హార్డ్ డిస్క్‌లోకి దించుకున్నారు. కేంద్ర మంత్రులను నిలదీసిన గొంతు అది. వాళ్లలో ఎవరూ ఆయన ప్రశ్నను అన్నిసార్లు తిరగవేసి ఆయననే అడిగి ఉండరు.

వదినగారికి ఆ సందేశమైనా వచ్చిందంటే దానికి కారణం సంస్థ సౌజన్యం కాదు, మన రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డుల ద్వారా జరిగే ఆటోమేటిక్ చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలి. నిర్ణీత పరిమితి దాటితే ఖాతాదారు మళ్లీ అనుమతించాలి. మొదట రూ.5,000గా ఉన్న ఆ పరిమితి 2022 జూన్‌లో రూ.15,000 అయింది. ఆ నిబంధనల తర్వాత పెద్ద సంస్థలే తమ పద్ధతులు మార్చుకోవలసి వచ్చింది. యాపిల్ 2022లో భారతీయ కార్డులను స్వీకరించడం ఆపి, యూపీఐ ద్వారానో నెట్‌బ్యాంకింగ్ ద్వారానో ఖాతాలో ముందుగా డబ్బు వేసుకోమన్నది. వినియోగదారుకు అది కొంత అసౌకర్యమే. కానీ ప్రభుత్వం తలచుకుంటే ప్రపంచంలోని అతి పెద్ద సంస్థ కూడా మన గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుందని ఆ ఒక్క ఉదంతం చెబుతున్నది.

నిబంధనలు లేవని చెప్పడానికి వీలులేదు. వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న మోసపూరిత డిజిటల్ పద్ధతులపై మార్గదర్శకాలు ప్రకటించింది. నిషేధించిన 13 పద్ధతులలో చందా ఉచ్చు ఒకటి. చేరడం తేలిక చేసి, విడవడం కష్టం చేయడమన్న మాట. మన పోటీ చట్టం ఒక వస్తువుతో మరొకటి ముడిపెట్టి అమ్మడాన్ని 2002 నుంచే గుర్తించింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లన్నింటినీ ఒకే మూటగా ముందే పెట్టాలని తయారీదారులకు షరతు విధించినందుకు గూగుల్‌పై కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. అప్పీలు ట్రిబ్యునల్ 2023 మార్చిలో కొన్ని ఆదేశాలను తొలగించినా జరిమానాను నిలిపింది. కానీ ఇవన్నీ దెబ్బ తగిలిన తర్వాత వేసే కట్లు. విచారణ ముగిసేసరికి అంగడి స్వరూపమే మారిపోతుంది.

దెబ్బ తగలకముందే ఆపాలన్న ఆలోచన పార్లమెంటుకు వచ్చింది. జయంత్ సిన్హా అధ్యక్షతన ఆర్థిక వ్యవహారాల స్థాయీ సంఘం 2022 డిసెంబర్‌లో సమర్పించిన నివేదిక పెద్ద సాంకేతిక సంస్థల పది అనుచిత పద్ధతులను లెక్కించింది. ముడిపెట్టడం, మూటగట్టడం అందులో ఉన్నాయి. 2024 మార్చి 12న డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా వెలువడింది. పరిశ్రమ వర్గాలనుంచి వ్యతిరేకత వచ్చింది. ముసాయిదా ఇంకా చట్టం కాలేదు. మన పార్లమెంటులో రెండు రకాల బిల్లులు ఉంటాయి: అరగంటలో గిలటిన్ కిందకు వెళ్లేవి, ఏళ్ల తరబడి బల్లమీదకే రానివి. ఏది ఏ వరుసలో నిలబడుతుందో చూస్తే ఆ ప్రభుత్వానికి ఎవరి మొర వినిపిస్తున్నదో తెలుస్తుంది.

ఈలోగా మూట మరో రూపు దాల్చింది. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన 36 కోట్ల చందాదారులకు పర్‌ప్లెక్సిటీ అనే కృత్రిమ మేధ సేవను ఏడాదిపాటు ఉచితమన్నది. అక్టోబర్ చివరలో జియో, గూగుల్ జెమినీ సేవను 18 నెలలు ఉచితమన్నది. నవంబర్‌లో ఓపెన్ఏఐ తన చాట్‌జీపీటీ గో పథకాన్ని భారతీయులకు ఏడాది ఉచితమన్నది. రీచార్జ్ చేసుకున్న మనిషికి డేటాతో పాటు ఒక సలహాదారు కూడా కొసరుగా వచ్చాడు. ఇది పాటల కొసరు వంటిది కాదు. రేపు ఒక విద్యార్థి చరిత్ర గురించి, ఒక రైతు పంట బీమా గురించి, ఒక ఓటరు అభ్యర్థి గురించి అడిగితే జవాబు చెప్పేది మూటలో వచ్చిన ఆ గొంతే. ఎవరి గొంతు వినాలో మనం ఎంచుకోలేదు. మన సిమ్ కార్డు ఎంచింది.

పదేళ్ల క్రితం ఇలాంటి సందర్భమే వచ్చింది. ఫేస్‌బుక్ కొన్ని వెబ్‌సైట్లను మాత్రం ఉచితంగా చూపే ఫ్రీ బేసిక్స్ పథకం తెచ్చినప్పుడు దేశంలో లక్షలాదిమంది ట్రాయ్‌కు ఉత్తరాలు రాశారు. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను ట్రాయ్ నిషేధించింది. ఉచితంగా వచ్చేదాన్ని పేద దేశం వద్దనడమేమిటని నాడు ఎద్దేవా చేసినవారున్నారు. ఇచ్చేవాడి చేతిని కాక, ఇస్తున్నదాన్ని చూసి వద్దన్న దేశం అది. ఆ చైతన్యం ఇప్పుడు ఎక్కడికి పోయిందో నాకు అంతుపట్టడం లేదు. నాడు గంపలో ఉన్నవి కొన్ని వెబ్‌సైట్లు. నేడు ఉన్నవి మన జ్ఞాపకాలు, మన వార్తలు, మన సందేహాలకు జవాబులు.

అడగవలసినవి గొప్ప కోరికలేమీ కావు. మూట పక్కన ప్రతి వస్తువుకూ విడి ధర ఉండాలి, ఆ ధర మూటను అమ్ముకోవడం కోసం పెంచిన ధర కాకూడదు. మన సొంత సరుకైన నిల్వను వాళ్ల సరుకులతో ముడిపెట్టకూడదు. చందా ఆగినా మన ఫొటోలూ పత్రాలూ మరో చోటికి తరలించుకోవడానికి చాలినంత గడువు ఉండాలి. మనిషి పోయిన ఇంట్లో ఒక ధ్రువపత్రం చూపితే పథకం మారాలి. ఒక్క మీటతో చేరగలిగినదాన్ని ఒక్క మీటతో విడవగలగాలి. ఉచిత గడువు ముగిసిన రోజున మౌనాన్ని సమ్మతిగా లెక్కించకూడదు. వీటిలో కొన్ని ఇప్పటికే మార్గదర్శకాలలో ఉన్నాయి, కొన్ని ముసాయిదాలో ఉన్నాయి. అవన్నీ చట్టమయ్యే రోజు కోసం అడిగే గొంతు సభలో ఎవరికి ఉందో మన ఎంపీల ప్రశ్నల జాబితా తిరగేసి చూడవచ్చు. ఆ జాబితా పార్లమెంటు వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగానే ఉంది, ఏ చందా అవసరం లేదు.

ప్రజాస్వామ్యమంటే ఔననే హక్కు అని మనం చాలాకాలంగా నమ్ముతున్నాం. ఐదేళ్లకొకసారి వేలిమీద సిరా చుక్క పెట్టించుకుని ఔనని వస్తున్నాం. ఇది కావాలి, అది వద్దు అని విడదీసి చెప్పగలగడం అంతకంటే పెద్ద హక్కు. ఆ విడదీసే అలవాటును మనుషులు చిన్న విషయాలలో, నెలకు రూ.195 ఖర్చయ్యే విషయాలలో పోగొట్టుకుంటే పెద్ద విషయాలలో దాన్ని ఎవరూ తిరిగి నేర్పలేరు.